లినక్సు ల్యాప్‌టాప్‌నకు బయటి తెరను జోడించు విధము

ఒక తరగతిలో నలువదిమంది పిల్లలుండి, ఉపాధ్యాయుని బల్లమీద 14 అంగుళముల ల్యాప్‌టాప్ ఒక్కటియే యున్నప్పుడు, పాఠము నిజముగా ముందు రెండు బల్లలవారికే చేరును. వెనుకవారు తెరను గాక ముందువారి తలలను చూచుచుందురు. ప్రశ్న యడిగినప్పుడు వారు ఊరకుండినచో మందబుద్ధులని యెంచుట అన్యాయము. వారికి అక్షరము కనబడలేదు, అంతియే. ఈ లోపమును తీర్చుటకు క్రొత్త యంత్రమును కొననక్కఱలేదు. పాత కంప్యూటరునకు చెందిన మానిటరొకటి మూలబడి యున్నను చాలును. దానిని లినక్సు ల్యాప్‌టాప్‌నకు జోడించు విధమును విద్యార్థులకును, ఇంటియందు పిల్లలకు సాయపడు తలిదండ్రులకును తెలియునట్లు ఇందు వివరించెదను.

మొదట క్షేత్రగణితమును చూతము. తెరను మూలనుండి మూలకు కొలుతురు. రెండు తెరలును 16:9 నిష్పత్తి గలవైనచో, 14 అంగుళముల తెర వెడల్పు సుమారు 12.2 అంగుళములు, ఎత్తు 6.9 అంగుళములు. 24 అంగుళముల తెర వెడల్పు 20.9, ఎత్తు 11.8 అంగుళములు. అనగా పొడవులు 12:7 నిష్పత్తిలో పెరిగినవి. వైశాల్యము వాని వర్గముల ననుసరించి 144:49, అనగా దాదాపు మూడు రెట్లయినది. చిన్నతెరపై 7 అడుగుల దూరమునుండి చదువగల యక్షరమును, అదే బొమ్మను పెద్దతెర నిండుగా చూపినప్పుడు 12 అడుగుల దూరమునుండి చదువవచ్చును.

లినక్సు అనునది ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991వ సంవత్సరమున ఆరంభించిన కెర్నెలు. యంత్రభాగము లన్నిటిని నడిపించు మూలక్రమమునకు కెర్నెలని పేరు. దాని వ్రాతను ఎవ్వరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచవచ్చును. మన దేశమున సీ-డాక్ సంస్థవారు 2007లో బాస్ లినక్సును వెలువరించిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగుమాటలతో నడచు లినక్సును సిద్ధపఱచిరి. కావున ఇది మన భాషకు దూరమైన విద్య కాదు.

ఇక ల్యాప్‌టాప్ ప్రక్కలనుండు ద్వారములను గుర్తింపవలెను. వీజీఏ ద్వారము 1987లో వచ్చినది. దానికి మూడు వరుసలుగా 15 రంధ్రము లుండును. అది బొమ్మను మాత్రమే కొనిపోవును, శబ్దమును కొనిపోదు. హెచ్‌డీఎమ్‌ఐ 2002లో వచ్చినది. దాని 19 తీగకొనలు బొమ్మను శబ్దమును గూడ మోయును. డిస్‌ప్లేపోర్టు 2006లో వచ్చినది. దానికి 20 కొనలు. చిన్నదై గుండ్రని అంచులు గల యూఎస్‌బీ-సీ 2014లో వచ్చినది. దానికి 24 కొనలు. అయితే ప్రతి యూఎస్‌బీ-సీ ద్వారమును బొమ్మను పంపజాలదు. కొన్ని చార్జింగునకును, ఫైళ్లను పంపుటకును మాత్రమే పనికివచ్చును. ఆకారము ఒక్కటియైనంత మాత్రమున గుణము ఒక్కటి కాదు. మానిటరునకు వీజీఏ, ల్యాప్‌టాప్‌నకు హెచ్‌డీఎమ్‌ఐ యున్నచో ఒట్టి తీగ చాలదు. అంకెల రూపమున వచ్చు సంకేతమును విద్యుత్తరంగముగా మార్చు చిన్న కన్వర్టరు నడుమ నుండవలెను.

తీగ తగిలించినంతనే జరుగు సంగతి ముచ్చటైనది. మానిటరులో 128 బైట్ల చిన్న పట్టిక యొకటి వ్రాయబడి యుండును. తన్ను చేసినవారెవరు, తాను చూపగల చుక్కలెన్ని, క్షణమునకు ఎన్నిమార్లు బొమ్మను మార్చగలదు అనునవి అందుండును. దీనిని ఈడీఐడీ యందురు. ల్యాప్‌టాప్ ఆ పట్టికను చదివి, దానికి తగిన కొలతను ఎన్నుకొనును. క్రొత్తగా చేరిన విద్యార్థి తన పేరును, తరగతిని చెప్పినపిమ్మట ఉపాధ్యాయుడు తగిన బల్లను చూపినట్లే యిదియు.

ఉబుంటు, డెబియను, ఫెడోరా మొదలగువానిలో గ్నోమ్ తెరసజ్జ యున్నచో ఈ క్రమమున చేయుడు.

1. మానిటరునకు కరెంటు ఇచ్చి, తీగను రెండు కొనల గట్టిగా తగిలించి, మానిటరు మీటలతో సరియైన ద్వారమును ఎన్నుకొనుడు.

2. ‘సెట్టింగ్స్’లో ‘డిస్‌ప్లేస్’ అను భాగమును తెఱవుడు. రెండు తెరలకు గుర్తుగా రెండు దీర్ఘచతురస్రములు కనబడును.

3. ‘మిర్రర్’ అనగా రెండు తెరలపై ఒక్కటే బొమ్మ; తరగతికి ఇది తగినది. ‘జాయిన్’ అనగా రెండు తెరలు కలిసి యొక పెద్ద బల్లవలె నగుట. ఒక ప్రక్క పుస్తకమును, ఒక ప్రక్క వ్రాతను ఉంచుకొనుటకు ఇది మేలు. సూపర్ మీటను, పీ మీటను కలిపి నొక్కినను ఈ పద్ధతులు మారును.

4. ‘జాయిన్’లో దీర్ఘచతురస్రములను బల్లమీది తెరల వరుసలోనే పేర్చుడు. లేనిచో తెర ఎడమనుండగా మౌసు బాణము కుడికి పోవును.

5. ‘అప్లై’ నొక్కినపిమ్మట యంత్రము మార్పును నిలుపవలెనా యని యడుగును. తెర నల్లబడినచో కంగారుపడి ఏ మీటయు నొక్కకుడు. కొన్ని క్షణములలో పూర్వపు స్థితి దానంతట వచ్చును.

కొలత విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన జాగ్రత్త యవసరము. తెరకు సహజమైన కొలత 1920×1080 అయి, మనము తక్కువ కొలత పెట్టినచో అక్షరముల అంచులు అలుకుకొనిపోవును. మన లిపిలో ద, ధ, థలకు భేదము ఒక్క గీత, ఒక్క చుక్క. ప, వలకు భేదము తలకట్టు అంటియుండుట, అంటకుండుట. మసక తెరను చూచి వ్రాయు బాలుడు ‘పాడి’ని ‘వాడి’గా వ్రాసినచో తప్పు ఆ బాలునిది కాదు. కావున కొలతను సహజముగానే యుంచి, అక్షరము చిన్నదిగా తోచినచో ‘స్కేల్’ను 200 శాతముగా చేయుడు, లేదా పుస్తకపు పుటను పెద్దది చేయుడు. పిమ్మట కడపటి బల్లయొద్దకు పోయి ఒకమారు చదివి చూడుడు.

బొమ్మ రానిచో ఊహలు మాని వరుసగా పరీక్షింపుడు. మొదట కరెంటు, తీగ, మానిటరు ద్వారము. పిమ్మట వేఱొక తీగ. ఒకమారు ఒక్కదానినే మార్చుడు. రెండు మార్చినచో దోష మెందున్నదో తెలియదు. అప్పటికిని రానిచో టెర్మినల్ తెఱచి ఎక్స్, ఆర్, ఏ, ఎన్, డీ, ఆర్ అను ఆరు చిన్న ఇంగ్లీషక్షరములను వ్రాసి ‘ఎంటర్’ నొక్కుడు. ద్వారముల పట్టిక వచ్చును. బయటి తెర ద్వారమునకు ఎదురుగా ‘కనెక్టెడ్’ అని యున్నచో యంత్రము తెరను గుర్తించినది. లోపము అమరికలో నున్నది. ‘డిస్‌కనెక్టెడ్’ అని యున్నచో తీగను, కన్వర్టరును శంకింపుడు. రెండు గ్రాఫిక్సు భాగములు గల కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎమ్‌ఐ ద్వారము ఎన్విడియా భాగమునకే కలుపబడి యుండును. దానికి తగిన డ్రైవరు లేనిచో ఆ ద్వారము పనిచేయదు. శబ్దము వినరానిచో ‘సౌండ్’ భాగములో చూడుడు. స్పీకరులేని మానిటరునకే శబ్దము పోవుచుండవచ్చును.

సొంత తెర పగిలిన ల్యాప్‌టాప్‌ను పాతసామానులవానికి తూకమున అమ్మకమునుపు ఈ విద్యను ప్రయోగింపుడు. పగిలినది తెర మాత్రమే యైనచో బయటి మానిటరుతో ఆ యంత్రము పెక్కేండ్లు పనిచేయవచ్చును. బయటి తెర తగిలియున్నప్పుడు మూత మూసినను సాధారణముగా లినక్సు నిద్రపోదు. గాలి యాడు చోట మాత్రము ఉంచుడు. కుటుంబమునకు వేలకొలది రూపాయలు మిగులును, ఒక విద్యార్థికి కంప్యూటరు లభించును.

అభ్యాసము: 1920×1080 చుక్కల తెర క్షణమునకు 60 మార్లు మారును, ఒక్కొక్క చుక్క రంగునకు 24 బిట్లు కావలెను. ఆ తీగలో క్షణమునకు ఎన్ని బిట్లు పోవునో గుణించి చూడుడు. జవాబు మూడువందల కోట్లకు కొంచెము తక్కువగా వచ్చినచో మీ లెక్క సరియైనదే. వదులైన తీగ బొమ్మను ఏల చెడగొట్టునో అప్పుడు మీకే బోధపడును.