నడికట్టు రంగు - దాని వెనుక సాధన
కరాటే, జుజుత్సు విద్యలను గూర్చి పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

తెల్లని అంగీలు తొడిగి, నడుమునకు రంగు రంగుల బెల్టులు కట్టి సాధన చేయు బాలబాలికలు ఇప్పుడు పట్టణములలోనే గాక మన గ్రామములందును కనిపించుచున్నారు. శిక్షకులు వచ్చి సామాజిక భవనము ఇప్పింపుడని పంచాయతీని కోరుచున్నారు. పిల్లలను చేర్పింపవచ్చునా, ఇన్ని నెలలలో నల్ల బెల్టు వచ్చునని చెప్పుచున్నారు, నమ్మవచ్చునా అని తల్లిదండ్రులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన వారు సభ్యులే. తెలియని విద్యను గూర్చి తీర్పు చెప్పుట కష్టము. అందువలన ఈ నెల పాఠములో బెల్టు అనగానేమి, అది ఎట్లు పుట్టినది, దానిని పొందుటకు ఏమి నేర్వవలెను, పిల్లలను అప్పగించుటకు ముందు మనము ఏమి విచారింపవలెను అను విషయములను వివరింపనెంచినాము.

బెల్టు లేని కాలము

జుజుత్సు జపాను దేశపు యోధుల విద్య. ఆయుధము చేజారినపుడును, శత్రువు మీదపడి పట్టుకొనినపుడును అతనిని విసరి, అదిమి, కీలు బిగించి లొంగదీయుట ఇందలి ముఖ్యాంశము. ఇందులో అనేక సంప్రదాయములు కలవు. వానిలో ప్రాచీనమైన తకెనోఉచి సంప్రదాయము 1532లో ఏర్పడినదని చెప్పుదురు. ఆ దినములలో రంగు బెల్టులు లేవు. శిష్యుడు కొంత నేర్చిన పిమ్మట గురువు నేర్పిన అంశముల పట్టికను చుట్టగా వ్రాసి ఇచ్చువాడు. మరికొన్ని ఏండ్లకు బోధించుటకు అనుమతి పత్రము, కడపట సంప్రదాయమంతయు అందినదని తెలుపు పత్రము లభించుచుండెను. ఇట్టి పత్రములు కొన్ని మాత్రమే ఉండెడివి. మన గరిడీలలో కర్రసాము నేర్పిన గురువులును రంగులు చూచి శిష్యుని యోగ్యతను నిర్ణయింపలేదు. ఏండ్ల తరబడి కన్నులార చూచియే నిర్ణయించినారు.

ఈ పద్ధతిని మార్చినవారు కానో జిగోరో గారు. ఆయన 1860లో జన్మించి, రెండు జుజుత్సు సంప్రదాయములను అభ్యసించి, ప్రమాదకరమైన పట్టులను తొలగించి, 1882లో టోక్యో నగరమున ఒక బౌద్ధాలయములో కొడోకాన్ అను విద్యాలయమును స్థాపించినారు. ఆయన నేర్పిన విద్యకు జూడో అని పేరు. ఆయన వృత్తిచేత విద్యావేత్త, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధ్యక్షులుగా పనిచేసినవారు. పాఠశాలలో తరగతులున్నట్లు ఈ విద్యకును మెట్లుండవలెనని తలచి, గో అను జపాను పలక ఆటలో వాడుకలో నున్న డాన్ అను శ్రేణిని గ్రహించి, 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి డాన్ ఇచ్చినారు. 1886 నుండి డాన్ శ్రేణి వారు నల్ల నడికట్టు ధరించుట ఆచారమైనది.

తెల్ల బెల్టు ఉతకకుండ వాడగా వాడగా మాసి నల్లబడెననియు, అదియే నల్ల బెల్టునకు మూలమనియు ఒక కథ వ్యాప్తిలో నున్నది. ఇది కథయే గాని చరిత్ర కాదు. నల్ల బెల్టు ఒక విద్యావేత్త ఆలోచించి ఏర్పరచిన గుర్తు.

కరాటే జన్మస్థానము జపానునకు దక్షిణమున నున్న ఒకినావా ద్వీపము. అచ్చట ఇది గురువు నుండి కొద్దిమంది శిష్యులకు అందుచు వచ్చినది. ఇతోసు అంకో అను గురువు ఇరువదవ శతాబ్ది ఆరంభమున దీనిని పాఠశాలలలో ప్రవేశపెట్టి, పిల్లలకు తగినట్లు అయిదు చిన్న వరుసలను కూర్చినారు. ఆయన శిష్యులలో ఒకరైన ఫునాకోషి గిచిన్ పాఠశాల ఉపాధ్యాయులు. ఆయన 1922లో టోక్యోకు వచ్చి తన విద్యను ప్రదర్శించినారు. కానో గారు ఆయనను కొడోకానుకు ఆహ్వానించి ఆదరించినారు. ఫునాకోషి గారు జూడో వారి వలెనే అంగీని, మెట్లను స్వీకరించి 1924లో తొలిసారిగా తమ శిష్యులకు డాన్ శ్రేణిని ఇచ్చినారు. కావున కరాటేలోని నల్ల బెల్టు జూడో నుండి వచ్చినదే. ఒత్సుకా హిరోనోరి అను మరొక ఆచార్యులు జుజుత్సును, కరాటేను కలిపి వాడో అను శాఖను నెలకొల్పినారు. ఈ విద్యలు పరస్పర బంధువులని దీనిని బట్టి తెలియును.

పసుపు, ఆకుపచ్చ, నీలి మొదలగు రంగులు ఇంకను తరువాత వచ్చినవి. 1920, 1930 దశకములలో ఐరోపాలో జూడో నేర్పినవారు వీనిని ప్రచారము చేసినారు. పారిస్ నగరమున నేర్పిన కవాయిషి మికినోసుకే వారిలో ప్రసిద్ధులు. గమ్యము దూరమైనపుడు నడుమ మజిలీలు ఏర్పరచినచో బాటసారికి ఉత్సాహము కలుగును. రంగు బెల్టుల ప్రయోజనము ఇంతమాత్రమే.

మెట్ల లెక్క

నల్ల బెల్టునకు ముందున్న మెట్లను క్యూ అందురు. ఇవి సాధారణముగా పదవ క్యూ నుండి గాని, తొమ్మిదవ క్యూ నుండి గాని ఆరంభమై ఒకటవ క్యూ వరకు తగ్గుచు వచ్చును. పిమ్మట డాన్ శ్రేణి ఒకటి నుండి పది వరకు పెరుగుచు పోవును. తెలుపుతో ఆరంభించి పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలి, ఊదా, గోధుమ రంగుల మీదుగా నలుపునకు చేరుట తరచుగా కానవచ్చు క్రమము. అయితే రంగుల వరుస అన్ని శాఖలలో ఒక్కటి కాదు. ఒకచోటి ఆకుపచ్చ మరొకచోటి నీలితో సమానము కావచ్చును. రంగును బట్టి ఇద్దరు విద్యార్థులను పోల్చుట తగదు.

మొదటి డానును జపాను భాషలో షోదాన్ అందురు. దీనికి ఆరంభపు మెట్టు అని అర్థము. నల్ల బెల్టు వచ్చినవాడు విద్య ముగించినవాడని మనలో పలువురు భావింతురు. జపాను వారి భావము దీనికి విరుద్ధము. అక్షరాభ్యాసము ముగిసి గ్రంథము చదువ నారంభించిన విద్యార్థి ఎట్టివాడో మొదటి డాన్ పొందినవాడును అట్టివాడే. పదవ డాన్ ఎంత అరుదో చూడుడు. కొడోకాన్ స్థాపించిన 1882 నుండి 2006 వరకు అచ్చట దానిని పొందినవారు 15 మంది మాత్రమే.

సాధన యందు ఏమున్నది

కరాటే శిక్షణ మూడు భాగములు. మొదటిది కిహోన్, అనగా మూల పాఠములు. నిలుచు విధము, పిడికిలి బిగించు విధము, సూటి పోటు, అడ్డుకొనుట, ముందరి తన్ను మొదలగువానిని వేలసార్లు మరల మరల చేయుట. రెండవది కాతా. ఊహలోని ప్రత్యర్థులతో పోరాడునట్లు నిర్ణీతమైన వరుసలో కదలికలను చేయుటకు కాతా యని పేరు. ఫునాకోషి గారి షోటోకాన్ శాఖలో ఇతోసు కూర్చిన అయిదు వరుసలను హెయాన్ అని పిలుతురు. విద్యార్థి మెట్టు మెట్టునకు వీనిలో ఒక్కొక్కటి నేర్చును. మూడవది కుమితే, అనగా ఇరువురు ఎదురుగా నిలిచి చేయు సాధన. మొదట ఏ దెబ్బ వచ్చునో ముందుగా చెప్పి అయిదు అడుగులలో, తరువాత మూడు అడుగులలో, పిదప ఒక్క అడుగులో అడ్డుకొందురు. ఇవి కుదిరిన పిమ్మటనే స్వేచ్ఛగా తలపడుటకు అనుమతి. దెబ్బను ప్రత్యర్థి దేహమునకు తగులక ముందే నిలుపగల నిగ్రహము సంప్రదాయ సాధనలో బలము కంటె గొప్పదిగా పరిగణింపబడును.

జుజుత్సు, జూడోలలో మొదటి పాఠము పడవేయుట కాదు, పడుట. గడ్డము రొమ్మునకు ఆనించి, తల నేలకు తగులకుండ, చేతితో నేలను చరచి అదురును పంచుకొనుట నేర్పుదురు. దీనిని ఉకెమి అందురు. ఇది బాగుగా వచ్చిన పిమ్మట విసరుటలు, నేలపై అదిమి పట్టుటలు నేర్పుదురు. కీళ్లు బిగించుట, కంఠమును ఒత్తుట మొదలగు పట్టులు చాల కాలమునకు గాని రావు. పట్టు తాళలేనివాడు అరచేతితో రెండుసార్లు తట్టినచో ఎదుటివాడు తత్క్షణము విడువవలెను. ఈ నియమమును మీరినవానికి సాధనశాలలో చోటు ఉండరాదు.

వారమునకు రెండు మూడు దినములు క్రమముగా సాధన చేసినచో మొదటి డానునకు సాధారణముగా మూడు నుండి అయిదేండ్లు పట్టును. దీనిని బట్టి ఆరు నెలలలో నల్ల బెల్టు అను ప్రకటన ఎట్టిదో సభ్యులే నిర్ణయింపగలరు.

బెల్టు విలువ ఎవరి చేతిలో నున్నది

ఈ విద్యలలో బెల్టులకు ప్రపంచమంతటికి ఒక్కటే పరీక్షాధికారి లేడు. ప్రతి శాఖయు, ప్రతి సంఘమును తన నియమములు తానే ఏర్పరచుకొనును. కావున పత్రముపై నున్న ముద్ర కంటె దానిని ఇచ్చిన గురువు యొక్క పద్ధతియే ముఖ్యము. ప్రతి మెట్టునకు రుసుము ఉన్నచోట మెట్లను పెంచుకొనవలెనను ఆశ పుట్టుట సహజము. కూలి చేసి పిల్లవానిని పంపు తండ్రికి రెండు నెలలకొక పరీక్ష రుసుము భారము. దానికి బదులుగా లభించు రంగు గుడ్డకు విద్య తోడు లేనిచో అది మోసమే యగును. అంతకంటె గొప్ప నష్టము మరొకటి కలదు. తనకు రానిది వచ్చినదని నమ్మిన బిడ్డ, తొలగిపోవలసిన అపాయమునకు ఎదురుపోవును.

పిల్లల క్షేమము

జపాను దేశము అనుభవము మనకు పాఠము. అచ్చటి పాఠశాలలలో 1983 నుండి సుమారు మూడు దశాబ్దములలో జూడో సాధన చేయుచు వందకు పైగా విద్యార్థులు మరణించినారు. వారిలో అనేకులు కొత్తగా చేరినవారు. వెనుకకు పడినపుడు తలకు తగిలిన దెబ్బలు ఈ మరణములకు ముఖ్య కారణము. 2012లో మాధ్యమిక పాఠశాలలలో యుద్ధ విద్యలను తప్పనిసరి చేసినపుడు ఈ విషయము దేశమంతట చర్చకు వచ్చినది. గెలుపే పరమార్థమను ధోరణి పసిపిల్లలకు హాని చేయుచున్నదని తలచి జపాను జూడో సమాఖ్య 2022లో ప్రాథమిక పాఠశాల పిల్లల జాతీయ వ్యక్తిగత పోటీలను నిలిపివేసినది. విద్య పుట్టిన దేశమే ఇంత జాగ్రత్త వహించినపుడు మనము ఉపేక్షింపరాదు.

సిమెంటు గచ్చుపై విసరుట నేర్పుచున్నచో వెంటనే ఆపవలెను. కుస్తీ గోదాలో మన్ను త్రవ్వి మెత్తన చేయుట మన పెద్దలెరిగిన జాగ్రత్తయే. తలకు దెబ్బ తగిలి వాంతియైనను, మత్తుగా నున్నను, మాట తడబడినను ఆ బిడ్డను ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. వేసవిలో ఎండ ముదురక ముందే సాధన ముగింపవలెను. త్రాగునీరు అందుబాటులో ఉండవలెను.

బాలికలు, స్త్రీలు

1929లో రవీంద్రనాథ ఠాకూరు ఆహ్వానముపై తకాగాకి షింజో అను ఆచార్యులు శాంతినికేతనమునకు వచ్చి జూడో నేర్పినారు. విద్యార్థినులును ఆ తరగతులలో పాల్గొనిరి. ఇట్టి దృష్టి అన్నిచోట్ల లేకుండెను. కానో గారి తొలి గురువుకు మనుమరాలగు ఫుకుదా కెయికో స్వయముగా కానో గారి వద్ద నేర్చినవారు. స్త్రీలకు అయిదవ డానుకు మించి ఇవ్వరాదను నియమము వలన ఆమె ఏండ్ల తరబడి అచ్చటనే నిలిచిపోయినారు. 1972లో గాని ఆరవ డాన్ లభింపలేదు. కొడోకాన్ ఆమెకు తొమ్మిదవ డాన్ ఇచ్చుసరికి 2006 వచ్చినది. 2013లో 99వ ఏట మరణించువరకు ఆమె ఈ విద్యకే అంకితమైనారు. ఆమె బెల్టు ఆగినది గాని సాధన ఆగలేదు. ఇచ్చుటలోను, ఇవ్వకుండుటలోను మనుష్యుల పొరపాట్లుండునని ఈ చరిత్ర తెలుపుచున్నది.

సమగ్ర శిక్ష క్రింద ప్రభుత్వ పాఠశాలలలో ఆరవ తరగతి మొదలు పైతరగతుల బాలికలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఏర్పాటైయున్నది. మూడు నెలలలో బెల్టు రాదు. బిగ్గరగా అరచుట, పట్టు విడిపించుకొనుట, పరుగెత్తి పెద్దల సాయము పొందుట మాత్రము నేర్వవచ్చును. ఇవి చిన్న విషయములు కావు. అయినను బాలికలకు రక్షణ కల్పించు బాధ్యత బాలికలదే యని పంచాయతీ తలపరాదు. వీధిదీపములు, సురక్షితమైన దారి, చెప్పుకొనినచో వినువారు ఉండుట, ఇవియును మన పనులే.

సమావేశములో చర్చింపవలసిన ప్రశ్నలు

1. శిక్షకుడు ఎవరి వద్ద, ఎన్ని ఏండ్లు నేర్చినాడు? ఆ గురువును గాని, సంఘమును గాని విచారించితిమా?
2. ఒక మెట్టు నుండి మరొక మెట్టునకు ఎంత కాలము? పరీక్షలో తప్పినవారు ఎవరైన ఉన్నారా? ఎవరును తప్పని పరీక్ష పరీక్షయగునా?
3. నెల రుసుము, పరీక్ష రుసుము, అంగీ వెల ముందుగా వ్రాసి చూపినాడా? పేద పిల్లలకు ఏమి సౌకర్యము?
4. తల్లిదండ్రులు ఎప్పుడైనను వచ్చి కూర్చుండి చూచుటకు అనుమతి కలదా? బాలికల తరగతిలో తోడుగా ఒక స్త్రీ ఉన్నదా?
5. నేల ఎట్టిది? దెబ్బ తగిలినచో ఎవరిని పిలువవలెను?

ఈ అయిదింటికి తృప్తికరమైన సమాధానములు లభించినచో భవనము తలుపులు నిస్సంకోచముగా తెరువవచ్చును. పిమ్మటను నెలకొకమారు ఒక సభ్యుడో, సభ్యురాలో వెళ్లి అరగంట కూర్చుండి చూడవలెను. అప్పుడు బెల్టుల రంగులను లెక్కింపనక్కరలేదు. పడిన బిడ్డ క్షేమముగా లేచుచున్నదా, బలవంతుడు బలహీనుని యెడల చేయి నిలుపుకొనుచున్నాడా అని గమనించిన చాలును. ఆ రెండును ఉన్నచోట విద్య ఉన్నది.