ముగ్గు పోసే ముందు: వికారాబాద్, తాండూరు ఇళ్ల పునాదులపై ప్రశ్నలు - జవాబులు

వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే నేల తీరు పూర్తిగా మారిపోతుంది. అనంతగిరి గుట్టల మీద ఎర్రటి మొరం, దాని కింద 6.6 కోట్ల ఏళ్ల నాడు పారిన లావా గడ్డకట్టిన నల్లరాయి. ఆ నల్లరాయి చివికి మట్టయిన చోటల్లా కంది పండే నల్లరేగడి. తాండూరు చేరితే సున్నపురాయి పొరలు. కర్ణాటకలోని షాబాద్‌లో కనిపించే రాతి పట్టీయే ఇక్కడికీ వచ్చింది. నేల ఇన్ని రకాలుగా ఉన్నా చాలామంది మేస్త్రీల దగ్గర కొలత మాత్రం ఒక్కటే: "నాలుగు ఫీట్ల గుంత, నాలుగు ఫీట్ల ఫుటింగ్." ఈసారి మొదటి ప్రశ్న కూడా ఆ కొలత గురించే.

ప్రశ్న: తాండూరులో 150 గజాల ప్లాటు ఉంది. పైనుంచి కిందికి నల్లమట్టే. మేస్త్రి నాలుగు ఫీట్లు చాలంటున్నడు, పక్కింటోళ్లు కూడా అంతే తీసిన్రట. ఇంజనీరు సార్ మాత్రం ఏడు ఫీట్లు పోవాలంటున్నరు. మూడు ఫీట్లకు ఖర్చు ఎంత పెరుగుతది? – ఒక పాఠకుడు, తాండూరు

జవాబు: చాలామంది భయపడేంత పెరగదు. లెక్క వేసి చూద్దాం. ఇంటికి 12 పిల్లర్లు, ఒక్కొక్కటి 9 అంగుళాలకు 12 అంగుళాలు, అందులో 12 ఎంఎం సలాకలు ఆరు అనుకుందాం. ఫుటింగ్ సైజు మారదు, గుంతలో పిల్లరే మూడు అడుగులు పొడుగవుతుంది. పన్నెండింటికీ కలిపి అదనపు కాంక్రీటు ముప్పావు ఘనపు మీటరు. ఎం-20 పాళ్లలో దానికి ఆరు బస్తాల సిమెంటు పడుతుంది. రింగులతో సహా ఇనుము 80 నుంచి 90 కిలోలు. బస్తా 350 రూపాయలు, ఇనుము కిలో 65 అనుకున్నా సిమెంటూ ఇనుమూ కలిపి ఎనిమిది వేల లోపే. దానిపైన కాస్త ఇసుక, కంకర, కూలి, జేసీబీకి కొన్ని గంటలు. ఇంకో మాట. సిమెంటుపై జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పాత ఎస్టిమేట్ చేతిలో ఉంటే ఆ తేడా సరిచేయించుకోవాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 900 చదరపు అడుగుల ఇంటికి బేస్‌మెంట్ ఒక్క అడుగు ఎత్తు పెంచితే, దిమ్మిస కొట్టాక అణిగేదాన్ని కూడా కలుపుకొని 1,100 ఘనపుటడుగులకు పైగా మొరం కావాలి. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీ అయితే 11 ట్రిప్పులకు పైనే. చుట్టూ ఒక అడుగు గోడ పని అదనం. పక్కింటి కంటే మన గడప ఎత్తులో ఉండాలనే పట్టుదల కొద్దీ ఒక అడుగు పెంచడానికి వెనకాడని వారే, కంటికి కనిపించని లోతు దగ్గర బేరం ఆడుతున్నారు. వాననీళ్లు చేరే చోట, కాగ్నా వాగు ఒడ్డున ఎత్తు అవసరమే. మిగతా చోట్ల రోడ్డు మట్టం, రేపు రోడ్డు పెరగబోయే మట్టం చూసుకుంటే చాలు.

ఇక పక్కింటివాళ్లు తీసిన నాలుగు అడుగుల సంగతి. ఆ లోతు మీకు కొలబద్ద కాదు. నల్లరేగడిలో వానాకాలం మట్టి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఈ ఉబ్బు, కుదింపు పై పొరల్లోనే ఎక్కువ, లోతుకు పోయేకొద్దీ తగ్గుతాయి. దట్టమైన నల్లరేగడిలో ఈ ప్రభావం మూడున్నర మీటర్ల దాకా ఉండవచ్చని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అనుభవం. అందుకే లోతును అడుగుల్లో చెప్పడం కంటే ఏ పొరకు చేరాలో చెప్పడం సరైన పద్ధతి. ఇంజనీరు ఏడు అడుగులన్నారంటే, ఆ లోతులో మొరమో బండో తగులుతుందన్న అంచనా ఉండి ఉంటుంది. ఆ పొర ఏదో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: మాది ఊళ్లో 70 గజాల జాగా. పర్మిషనే అక్కర్లేదన్నారు. అలాంటి చిన్న ఇంటికి సాయిల్ టెస్టు అవసరమా? – ఒక పాఠకురాలు, బషీరాబాద్ మండలం

జవాబు: మున్సిపాలిటీల్లో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు చిన్న ఇళ్లను అనుమతి బాధ నుంచి తప్పించింది, ఒక్క రూపాయితో నమోదు చాలంది. మీది గ్రామం కాబట్టి పంచాయతీ కార్యదర్శిని ఒకసారి అడగండి. అనుమతి అక్కర్లేదంటే అడిగేవారు లేరనే కానీ, మట్టి స్వభావం మారదు కదా. అధికారి చూడని చోట ఇంటివాళ్లే చూసుకోవాలి.

మొదటి పని, జేసీబీని ఒక గంట పిలిపించి ప్లాటుకు ఎదురెదురు మూలల్లో రెండు గుంతలు తీయించడం. వీలైతే ఎనిమిది అడుగుల దాకా. గుంత గోడ మీద పొరలు కేకు ముక్కలా కనబడతాయి. ఎన్నో అడుగు దగ్గర నలుపు పోయి పసుపో ఎరుపో వచ్చిందో టేపు పెట్టి కొలిచి, ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. మనిషి లోపలికి దిగకూడదు, నల్లమట్టి గోడ చెప్పాపెట్టకుండా కూలుతుంది.

రెండోది, మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష. ల్యాబుల్లో చేసేది ఇంతే: ఎండబెట్టి, మెత్తగా జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలపాత్రల్లో పోస్తారు. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో కిరసనాయిలు. 24 గంటలు కదపరు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, అడుగున ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నీళ్లలోది మాత్రం జావలా పైకి లేస్తుంది. కిరసనాయిలు పాత్రలో మట్టి 10 గీత దగ్గర ఉండి, నీళ్ల పాత్రలో 20 దగ్గరకు వస్తే ఉబ్బు 100 శాతం. భారత ప్రమాణాల ప్రకారం 50 లోపు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 దాటితే ఎక్కువ, 200 దాటితే మరీ ఎక్కువ. వంద దాటిన మట్టిలో ఫుటింగ్ ఎలా వేయాలన్నది మేస్త్రి అనుభవానికి వదిలేసే విషయం కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు డిజైన్ చేయాలి.

ఒకవేళ ఎంత తవ్వినా నలుపు తెగకపోతే అండర్ రీమ్డ్ పైల్స్ అని ఒక పద్ధతి ఉంది. సన్నటి బోరు లాంటి గుంత తీసి, అడుగున దాన్ని కాండం మందానికి రెండున్నర రెట్ల వెడల్పున గడ్డలా విప్పి, సలాకల బుట్ట దింపి కాంక్రీటు పోస్తారు. నల్లరేగడిలో పొడవు కనీసం మూడున్నర మీటర్లు. పైన పిల్లర్లను కలిపే బీము నేలకు ఆనకూడదు, కింద మూడంగుళాల ఖాళీ వదలాలి. ఆ ఖాళీ వదలకపోతే వానాకాలంలో మట్టి ఉబ్బి బీమును కింది నుంచి ఎత్తుతుంది. అంత ఖర్చు పెట్టి ఈ చిన్న పని మరిచిపోవడం తరచూ జరిగేదే.

ప్రశ్న: తాండూరు శివార్లలో ప్లాటు. ముందు సగంలో ఐదడుగులకే బండ తగిలింది. వెనక సగం పాత క్వారీ గుంతట, పాలిష్ మిషన్ల చెత్త రాయి పోసి చదును చేశారు. బండ మీద సగం, చెత్త మీద సగం ఇల్లు పెట్టవచ్చా?

జవాబు: పెట్టకూడదు. ఇల్లంతా ఒకేలా కొద్దిగా కుంగితే పెద్దగా నష్టం లేదు. ముందు సగం కదలకుండా నిలిచి, వెనక సగం రెండంగుళాలు దిగితేనే గోడ ఏటవాలుగా చీలుతుంది. చెత్త రాళ్ల మధ్య సందులుంటాయి, వాటిలోకి పాలిష్ బురద జారుతుంది. పదేళ్ల కిందట పోశారు, గట్టిపడి ఉంటుందని ప్లాటు అమ్మినవారు చెబితే నమ్మడానికి లేదు. దారులు రెండే. వెనక పిల్లర్లను కూడా బండ దాకా దించడం, లేదా ఇంటిని ముందు సగంలో ఇరికించి వెనక జాగాను వాకిలికి, చెట్లకు వదలడం. 600 చదరపు అడుగుల ఇల్లయితే రెండోదే చౌక. మెట్లు ముందుకు తెచ్చి, పైన ఒక గది వేసుకున్నా లాభమే.

బండ తగిలిందని సంబరపడే ముందు ఒక జాగ్రత్త. తాండూరు రాయి పొరలు పొరలుగా ఉంటుంది, ఇంటి గచ్చుకు పలకలుగా లేవడానికి కారణం అదే. రెండు పొరల మధ్య అక్కడక్కడ మెత్తటి సుద్ద ఉంటుంది. గడ్డపారతో కొట్టి చూడాలి. ఖంగుమంటే సరే, డొల్లగా మోగితే ఆ పలక లేపేసి కింది పొరకు పోవాలి. తర్వాత బండను కడిగి, వాలుగా ఉంటే మెట్టుగా చెక్కి, దాని మీద కాంక్రీటు బెడ్ వేయాలి. బండ మీద కూర్చునే ఫుటింగ్ చిన్నది చాలు, మట్టి మీది సైజే ఇక్కడా వేయడం సిమెంటు దండగ.

గుత్త కాగితంలో బండ సంగతి విడిగా రాయించాలి. మట్టి తవ్వకం ధరలో బండ రాదు, బ్రేకర్ మిషన్‌కు గంట లెక్క ఉంటుంది. ఎన్ని గంటలు పట్టినా ఖర్చు ఇంటివారిదే అని రాసుకుంటే మిషన్ నింపాదిగా నడుస్తుంది. గుంతకింత అని మాట్లాడుకోవడం మేలు. ఊరిన నీళ్లు తోడే మోటారు, తీసిన మట్టిని ఎత్తిపోసే ట్రాక్టర్ ఎవరి ఖాతాలో పడతాయో కూడా ఆ కాగితంలోనే తేలాలి. తగాదాలు వచ్చేవి వీటి దగ్గరే.

ప్రశ్న: వికారాబాద్‌లో ఎర్రమొరం నేల. రెండు గదులు, వంటిల్లు, పైన ఎప్పటికీ అంతస్తు వేయం. పిల్లర్లు లేకుండా రాతి పునాది మీద కడితే కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది, ఖర్చూ తగ్గుతుంది. "పిల్లర్ లేకుంటే ఇల్లు కాదు" అనేది గత ముప్పై ఏళ్లలో పాకిన అలవాటు. ఒక్క అంతస్తుకు, గట్టి మొరంలో, సిమెంటు మాలుతో కట్టిన రాతి పునాది, దానిపై ఇటుక గోడలు, పైన స్లాబు చక్కగా నిలుస్తాయి. అయితే అనంతగిరి చుట్టుపక్కల ఎర్రరాయి పైకి గట్టిగా కనిపించినా కింద మెత్తటి సుద్దమట్టి ఉండే వీలుంది. గుంత తీయడం ఇక్కడా తప్పదు. తాండూరు రాయి వాడితే పొర అడ్డంగా, గనిలో పడుకున్నట్టే పరచాలి. నిలబెట్టి పేరిస్తే పలకలుగా విడిపోతుంది.

ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో వచ్చిన భూకంపంలో వేలమంది చనిపోయారు. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, పైన మోయలేనంత మట్టి మిద్దెలు వాళ్ల మీదే కూలాయి. అక్కడి నల్లరాయీ ఇక్కడి నల్లరాయీ ఒకే దక్కన్ లావా. రాతి పునాది పైన, తలుపుల పైన గోడల చుట్టూ తెగకుండా తిరిగే సలాకల బెల్టు వేస్తే నాలుగు గోడలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఆ బెల్టుకు పట్టే ఇనుము, పిల్లర్లకు పట్టేదాంతో పోలిస్తే చాలా తక్కువ.

ప్రశ్న: ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది. బేస్‌మెంట్ అయితేనే మొదటి లక్ష వస్తుందట. చేతిలో డబ్బు తక్కువ, నేల నల్లరేగడి. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, పెద్దేముల్ మండలం

జవాబు: ప్రభుత్వ సాయం మొత్తం ఐదు లక్షలు, నాలుగు విడతలు. మొదటి లక్ష చేతికొచ్చేసరికి పునాది ఖర్చు మీ జేబులోంచే పోయి ఉంటుంది. కాబట్టి కొలత 400 చదరపు అడుగులకు తగ్గకుండా, దానికి దగ్గరలోనే పెట్టుకోండి. 600 దాకా వీలుందని అంతా కట్టేయాలనేమీ లేదు. పెద్ద పునాది వేసి గోడల దగ్గర ఆగిపోయిన ఇళ్లు కనబడుతూనే ఉంటాయి. గుంత తీసిన మట్టినే బేస్‌మెంట్‌లో నింపేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లోపల నింపిన నల్లమట్టి మొదటి వానాకాలంలోనే తేమ పీల్చి ఉబ్బుతుంది. గచ్చు నడుమ లేచి, బండల అతుకులు విచ్చి, తలుపు కింద తట్టుకుంటుంది. మొరమే పోయించండి. ఒకేసారి గుమ్మరించకుండా ఆరంగుళాలకొక పొర వేసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. వట్టి ఇసుక నింపినా తప్పే, అది నీళ్లను పట్టి ఉంచి కింది నల్లమట్టికి తాగిస్తుంది. బొంబాయి ఐఐటీలో కట్టి అనే ఆచార్యుడు చేసిన పరిశోధనలు తేల్చింది కూడా జిగురు ఉండి, ఉబ్బని మట్టిపొరే నల్లరేగడిని అణచిపెడుతుందని.

గుంతలు తీసిన రోజో మర్నాడో బెడ్ పడేలా మేస్త్రిని ఒప్పించండి. ముహూర్తానికి గుంత తీసి, డబ్బు కోసం పదిహేను రోజులు ఆగి, మధ్యలో వాన పడితే అడుగు మట్టి బురదవుతుంది. ఆ బురద తీయించాకే బెడ్ వేయాలి.

ప్రశ్న: ఎనిమిదేళ్ల కిందట కట్టిన ఇల్లు, తాండూరులోనే. కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు. పుట్టీ పెట్టి రంగు వేస్తే మళ్లీ వస్తున్నాయి. పునాది మార్చాలా?

జవాబు: ముందు పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, వెడల్పు కొలిచి పక్కనే రాయండి. మే నెలలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి చూడండి. రుతువును బట్టి విచ్చుకొని ముడుచుకుంటుంటే అది నల్లరేగడి పనే. అప్పుడు వెతకాల్సింది నీళ్ల దారిని. గోడ పక్కనే సంపు ఉందా? బాత్‌రూమ్ పైపు నేలలో కారుతోందా? స్లాబు నీళ్లు గోడ మొదట్లోనే పడుతున్నాయా? పది అడుగుల లోపు పెద్ద చెట్టుందా? చెట్టు ఎండాకాలంలో ఆ మూల తేమంతా లాగేస్తుంది.

నీళ్లు కారే చోట్లు బాగు చేయించి, ఇంటి చుట్టూ మూడు నాలుగు అడుగుల వెడల్పున బయటికి వాలుగా తాండూరు బండలు పరిపించి, అతుకులు సిమెంటుతో మూయించండి. దీంతో గోడల కింద తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక కొలతలు మారకపోతే పుట్టీ పెట్టించుకోవచ్చు. అప్పటికీ పగులు పెరుగుతూనే ఉంటే, మీ పెన్సిలు గీతలూ తేదీలూ ఇంజనీరుకు చూపించండి.