ఎన్ని చోట్ల వెతికారు?

కొన్నేళ్ల క్రితం నేను ప్రాంతీయ కార్యాలయంలో రికవరీ విభాగం చూసేవాణ్ణి. వాయిదా తేదీకి ముందు ఎస్ఎంఎస్‌తో పాటు సిబ్బంది ఫోన్ కూడా చేస్తే వసూళ్లు మెరుగవుతాయా అన్నది తేల్చుకోవాలనుకున్నాం. మూడు నెలల పాటు కొన్ని బ్రాంచీల్లో ఫోన్లు చేయించి, మిగతా బ్రాంచీలను మామూలుగా వదిలేశాం. తీరా చూస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అంత శ్రమపడి ఉత్త చేతులతో వెళ్లడం నాకు ఇష్టం లేకపోయింది. ఎక్సెల్ ముందు కూర్చుని ఖాతాలను వయసు, రుణం రకం, ఊరు, స్త్రీ పురుషులు, ఇలా రకరకాలుగా విడదీశాను. చివరికి ఒక వర్గంలో దొరికింది: చిన్న పట్టణాల్లో వాహన రుణం తీసుకున్న 35 ఏళ్లలోపు మహిళలు. పి-విలువ 0.03. ఎంబీఏలో నేర్పిన 0.05 గీతకు దిగువనే ఉంది. వీరికి వారానికి రెండుసార్లు ఫోన్ చేయాలంటూ నోట్ పెట్టాను. 'ఈ ఫలితం నిజమయ్యే అవకాశం 97 శాతం' అని కూడా రాశాను.

మా డిప్యూటీ జనరల్ మేనేజర్ గారు నోట్ చదివి ఒకే ప్రశ్న వేశారు. "మొత్తం ఎన్ని రకాలుగా విడదీసి చూశారు?"

"ఇరవై, మేడమ్."

"మరి ఆ పంతొమ్మిదీ నోట్‌లో లేవేం?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చదువుకున్నది మీతో పంచుకుంటున్నాను.

ముందు ఆ 97 శాతం సంగతి. ఫోన్ వల్ల అసలు ప్రభావమే లేదనుకుందాం. అప్పుడు కూడా ఇంత తేడా, లేదా ఇంతకంటే ఎక్కువ తేడా, కేవలం కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంత? పి-విలువ చెప్పేది అంతే. మన ఊహ నిజమయ్యే అవకాశం ఎంత అన్నది అది చెప్పదు. 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఈ మాటను ప్రత్యేకంగా ఒక ప్రకటనలో పెట్టాల్సి వచ్చిందంటే, ఈ పొరపాటు చేసింది నేనొక్కణ్ణే కాదని కొంచెం ఊరట!

ఈ 5 శాతం గీత వాడుకలోకి రావడానికి ముఖ్య కారకుడు రొనాల్డ్ ఫిషర్. 1925లో పరిశోధకుల కోసం రాసిన పుస్తకంలో ఆయన దాన్ని అనుకూలమైన హద్దుగా సూచించాడు. (ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఈయన దగ్గరే.) ఫిషర్ చెప్పిన టీ కప్పుల ప్రయోగం ప్రసిద్ధం. కప్పులో ముందు పాలు పోశారా, టీ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంది. 8 కప్పులు కలిపారు, నాలుగు ఒక రకం, నాలుగు మరో రకం. ఊరికే ఊహించి అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1. నాకు ఇందులో నచ్చింది ఆ లెక్క కాదు. ఏది చూడబోతున్నారో, ఎన్ని కప్పులో, ఎన్ని సరైతే ఒప్పుకోవాలో అన్నీ ముందే తేలిపోయాయి.

నేను చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఏ ప్రభావమూ లేని చోట, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒకటైనా 0.05 గీత దాటే అవకాశం దాదాపు 64 శాతం. నా వర్గాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉన్నాయి కాబట్టి ఈ అంకె అచ్చంగా వర్తించదు గాని, ప్రమాదం అదే. 20 చోట్ల వెతికినప్పుడు గీతను కూడా 20తో భాగించడం ఒక మొరటు పద్ధతి. అలా చేస్తే 0.0025 కావాలి. నా 0.03 దాని దరిదాపుల్లో లేదు.

2009లో అమెరికాలో కొందరు మెదడు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి, మనుషుల ఫోటోలు చూపించారు. వేల బిందువులను విడివిడిగా పరీక్షించి, ఎన్ని చోట్ల వెతికామన్న సవరణ చేయకపోతే, ఆ చేప మెదడులోనూ చలనం 'కనిపించింది'. సవరణ చేయగానే మాయమైంది. నా నోట్‌కు ఆ చేపకు పెద్ద తేడా లేదు.

భౌతికశాస్త్రజ్ఞులు అందుకే ఇంకా కఠినంగా ఉంటారు. 2012 జులై 4న సెర్న్‌లో హిగ్స్ తరహా కణం దొరికిందని ప్రకటించినప్పుడు వాడిన ప్రమాణం 5 సిగ్మా. అంటే కణమే లేకపోయినా అలాంటి సంకేతం కనబడే అవకాశం సుమారు 35 లక్షల్లో 1. మరీ ఇంత పట్టుదలా అనిపించవచ్చు. 2015 డిసెంబరులో అక్కడే 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మరో కొత్త కణం ఛాయ కనబడింది. వందల సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి. 2016 ఆగస్టుకల్లా ఎక్కువ డేటా చేరేసరికి అది లేకుండా పోయింది.

మందుల పరిశోధనలో దారి వేరు. రోగులు లక్షల్లో దొరకరు కాబట్టి 5 సిగ్మా అడగలేం. బదులుగా దేన్ని కొలవబోతున్నారో ముందే నమోదు చేయమంటారు. మన దేశంలో ఇందుకోసం 2007లో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ మొదలైంది. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి.

మా విభాగంలో మేమూ అదే చేశాం. మేడమ్ సూచన మేరకు, ఆ ఒక్క వర్గాన్నే చూస్తామని ముందే కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకాలు పెట్టి, తర్వాతి మూడు నెలలు కొత్తగా పరీక్షించాం. ఈసారి ఫోన్ చేసిన బ్రాంచీల కంటే చేయని బ్రాంచీల్లోనే వసూళ్లు ఒక పిసరు ఎక్కువ. దాన్నీ కాకతాళీయమనే రాశాను. నోట్ ఉపసంహరించుకున్నాను. వాయిదాలు సక్రమంగా కడుతున్న ఆ మహిళలకు వారానికి రెండు ఫోన్లు తప్పాయి.