బండి వెనుక బండి: ఈడ్చు వాహనమును ఎన్నుకొనుట ఎట్లు?

మన పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులలో కొందరికి బంధువులు అమెరికాలో స్థిరపడి యున్నారు. ఆ దేశమున సెలవులు వచ్చినచో, పడకలును వంటగదియు గల ట్రైలరును బండి వెనుక తగిలించుకొని, కుటుంబ సమేతముగా కొండలకును సరస్సులకును పోవు వాడుక కలదు. ఇందుకు మినీవ్యాను మేలా, క్రాసోవరు మేలా, పికప్ ట్రక్కు మేలా? ఏ బండి ఎంత లాగునని మాత్రమే పలువురు విచారింతురు. లాగుట ఒక్కటియే చాలదు. మోయుటయు, ఆపుటయు తెలియవలెను. ఆ బండిలో కూర్చుండువారు మన బిడ్డలు, మనుమలు గదా!

1. లాగుట

టొయోటా సియెన్నా, హోండా ఒడిస్సీ వంటి మినీవ్యానులు 3,500 పౌనుల వరకు, అనగా సుమారు 1,590 కిలోగ్రాముల వరకు లాగగలవు. క్రాసోవరులలో హోండా పైలట్ నాలుగు చక్రములకును శక్తి అందునదైనచో 5,000 పౌనులు లాగును. రెండు చక్రములకే అందునదైనచో 3,500 మాత్రమే. పేరు ఒక్కటే యైనను శక్తి వేరు. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు తగిన కూర్పుతో 13,000 పౌనులకు పైగా లాగగలదు. మొదటి రెండు తరగతులలో ఒడలును చట్రమును ఏకముగా నిర్మింపబడును. పికప్‌నందు బలమైన చట్రము వేరుగా నుండి, దానిపై ఒడలు అమర్పబడును.

2. మోయుట

ఎద్దుబండి తోలువారు ఎరిగిన న్యాయమే ఇచ్చటను వర్తించును. బరువు వెనుకకు మొగ్గినచో నొగ పైకి లేచును. మిక్కిలి ముందునకు మొగ్గినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. ట్రైలరు మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు ముందు కొక్కెముపై మోపవలెను. అంతకు తగ్గినచో, వేగముగా పోవునపుడు ట్రైలరు తోక ఇటునటు ఊగి, ముందు బండిని సైతము దారి తప్పించును.

ఈ మోపుదల యంతయు ముందు బండియే మోయవలెను. మనుష్యులు, సామాను, మోపుదల కలిపి ఎంత మించరాదో డ్రైవరు తలుపు చెంతనున్న చీటీపై వ్రాసియుండును. ఒక పికప్ చీటీపై 1,500 పౌనులని యున్నదనుకొందము. 7,000 పౌనుల ట్రైలరుకు నూటికి 12 వంతున మోపుదల 840. ఐదుగురు మనుష్యులు 700. మొత్తము 1,540! పెట్టె ఒక్కటైనను ఎక్కింపకమునుపే హద్దు మీరినది. ఆ బండి 10,000 పౌనులు లాగునని ప్రకటన యున్నను ప్రయోజనము లేదు. ఏడుగురు కూర్చున్న మినీవ్యానున కొక్కెముపై మోపుదలకు మిగులు చోటు మరింత స్వల్పము.

3. ఆపుట

వేగము రెండింతలైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. కావున బరువైన ట్రైలరునకు దాని బ్రేకులు దానికే యుండవలెను. కాలిఫోర్నియా రాష్ట్రమున 1,500 పౌనులు, అంతకు మించిన నివాసపు ట్రైలరునకు బ్రేకులుండుట చట్టప్రకారము విధి. కొండ దిగునపుడు బ్రేకునే నమ్మక, తక్కువ గేరులో మెల్లగా దిగవలెను. లేనిచో బ్రేకులు వేడెక్కి పట్టు సడలును.

ముగింపు

చిన్న ట్రైలరును, కొలది సామానును గల కుటుంబమునకు మినీవ్యాను చాలును. దానికై పెద్ద ట్రక్కు కొనుట ధనవ్యయమే. మధ్యరకమునకు క్రాసోవరు, బరువైనదానికి పికప్ తగును. అయినను ముందు బండిని కొని పిదప ట్రైలరును వెదకుట తగదు. సామాను నింపిన ట్రైలరును తూచి, మనుష్యులను లెక్కించి, ఆ మీదట బండిని ఎన్నుకొనవలెను. ఈ లెక్క శాతములు నేర్చిన బాలుడు చేయదగినదే. తల్లిదండ్రులు దీనిని ఇంట పిల్లలచే చేయించినచో, గణితము పుస్తకమునందే గాక ప్రాణరక్షణమునందును ఉపకరించునని వారికి బోధపడును.