బురుజు మీది నుంచా, ప్రాకారం మీది నుంచా?

ప్రశ్న: ఏటా ఆగస్టు 15న పత్రికల్లో 'ఎర్రకోట బురుజుల మీది నుంచి ప్రధాని ప్రసంగం' అని వస్తుంది. నేను కొండారెడ్డి బురుజును చూస్తూ పెరిగినదాన్ని. ప్రధాని నిలబడేది గోడ మీద అనిపిస్తుంది. ఏది సరైన మాట?
– ఒక ఉపాధ్యాయిని, కర్నూలు

జవాబు: మీ అనుమానం సరైనదే. ఎర్రకోట పడమటి వైపు లాహోరీ దర్వాజా ఉంది. శత్రువు నేరుగా దాని మీదికి రాకుండా ఔరంగజేబు ముందు ఇంకో అడ్డుకోట కట్టించాడు. ప్రధాని మాట్లాడేది ఆ గోడ పైభాగాన నిలబడి. 1947 ఆగస్టు 16న నెహ్రూ ఎర్రకోట మీద తొలిసారి జెండా ఎగరేసింది కూడా లాహోరీ దర్వాజా మీదే. ప్రధాని నిలబడే ఆ గోడను హిందీవాళ్లు 'ప్రాచీర్' అంటారు. మనకు 'ప్రాకారం' ఉండనే ఉంది.

ప్రాకారం అంటే కోట చుట్టూ తిరిగే గోడ. ఆ గోడలోంచి అక్కడక్కడా బయటికి పొడుచుకొచ్చే కట్టడం బురుజు. ఇది అరబ్బీ మాట, పారశీకం మీదుగా మన దాకా వచ్చింది. దుబాయిలోని బుర్జ్ ఖలీఫాలో ఉన్నదీ ఇదే. అంతకుముందు నుంచీ మనకు 'కొత్తడం', 'కొత్తళం' అనే మాటలున్నాయి. 'కోట కొత్తళాలు' అని జంటగా అనడం అందుకే: కోట వేరు, కొత్తళం వేరు.

గోడ ఉండగా బురుజు ఎందుకంటారా? గోడ మీద కావలి ఉన్న సిపాయికి దూరాన ఉన్నవాడు కనిపిస్తాడు కానీ సరిగ్గా తన కాళ్ల కింద, గోడ మొదట్లో నిచ్చెన ఆనిస్తున్నవాడు కనిపించడు. చూడాలంటే ఒళ్లంతా బయటికి వంచాలి. వంచాడా, కింది నుంచి బాణం తగులుతుంది. అదే పక్కన బురుజు ఉంటే అందులోని సిపాయికి గోడ పొడవునా మొదలంతా కనిపిస్తుంది. నిచ్చెన వేసేవాణ్ణి పక్క నుంచి కొట్టగలడు. కాబట్టి బాణమో తూటానో అందేంత దూరంలో ఒకదాని తర్వాత ఒకటిగా బురుజులు కడుతూ పోయారు. ఓరుగల్లు రాతికోటలో 45 ఉన్నాయి, గోల్కొండ బయటి గోడకు 87.

ఓరుగల్లు బురుజులు నలుపలకలుగా ఉంటాయి. గోల్కొండవి చాలావరకు అర్ధచంద్రాకారంలో గుండ్రంగా. కాకతీయుల నాటికి ఇక్కడి యుద్ధాల్లోకి ఫిరంగి రాలేదు. అది వచ్చాక పలకల మూలలు బలహీనమయ్యాయి. గుండు తగిలితే మూల రాయి ఊడి వస్తుంది, గుండ్రటి ముఖం మీద పడితే పక్కకు జారిపోయే అవకాశం ఎక్కువ. 1656లో మొగలుల ముట్టడి చవిచూశాక అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో గోల్కొండకు మూసా బురుజు వంటి భారీ కట్టడాలు చేర్చారు. వాయవ్య మూల పెట్లా బురుజు మీద ఔరంగజేబు ఫిరంగి 'ఫతే రహ్‌బర్' ఇప్పటికీ ఉంది. అక్కడ నిలబడి రెండు వైపులా గోడ వెంట చూపు సారించండి, నేను చెప్పిందంతా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

అన్నిటినీ కలిపి బురుజు అనేస్తే గోడ ఏదో, మెడ చాచి చూసే కట్టడం ఏదో తేడా చెరిగిపోతుంది. రేపు పిల్లలు తమ ఊరి చరిత్ర చెప్పే కైఫీయతు చదివితే కోట రూపం వాళ్ల మనసుకు అందదు. 'ఎర్రకోట ప్రాకారం మీది నుంచి' అని రాయమని పత్రికల వారిని గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: మా ఊళ్లో కోట లేదు, ఎప్పుడూ రాజు ఉన్నట్టూ ఎవరూ చెప్పరు. నడి ఊళ్లో మాత్రం పెద్ద బురుజు ఉంది. కోట లేకుండా బురుజేమిటి?
– ఒక రైతు, సిద్దిపేట జిల్లా

జవాబు: తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఇలాంటి ఒంటరి బురుజులు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఇవి కోటలో భాగం కావు, ఊరి కాపుదల కోసం కట్టుకున్నవి. దండులు, దోపిడీ ముఠాలు తిరిగిన రోజుల్లో పైన కావలివాడు ఉండేవాడు. దుమ్ము లేస్తే ఊరికి కబురు అందేది.

మీ జిల్లాలోని బైరాన్‌పల్లి బురుజు మన తాతల కాలంలోనూ ఆ పని చేసింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఊరి మీద పడినప్పుడు ఊరివాళ్లు బురుజును ఆసరా చేసుకుని ఎదిరించారు. ఫిరంగులు వస్తే తప్ప అది లొంగలేదు. ఆ తర్వాత జరిగిన ఊచకోత మీకు తెలిసిందే. ఆ బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది.

మీ ఊరి బురుజు సందుల్లో రావి, మర్రి మొక్కలుంటే చిన్నప్పుడే తీయించండి. వేరు లావైతే గోడను చీల్చేస్తుంది. పగుళ్లకు సిమెంటు పూయకండి, లోపలి చెమ్మ బయటికి రాలేక రాయీ మట్టీ ఉబ్బుతాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీ చేత డంగుసున్నంతో పూడ్పించండి.

ప్రశ్న: అగడ్త, కందకం ఒకటేనా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: కోట విషయంలో ఒకటే. గోడ చుట్టూ తవ్విన లోతైన కాలువ. నీళ్లు నింపితే దాటడం కష్టం, ఎండి ఉన్నా నిచ్చెన వేయడానికి చోటు దొరకదు. అలాగని దాటలేనిదేమీ కాదు. 1310లో మాలిక్ కాఫూర్ సైన్యం మీ ఓరుగల్లు అగడ్తను పూడ్చుకుంటూ ముందుకొచ్చిందని ఆనాటి కవి అమీర్ ఖుస్రో రాశాడు. 'అగడ్త' కోటల దగ్గరే ఆగిపోయింది. 'కందకం' మాత్రం పొలాల్లోకీ అడవుల్లోకీ వెళ్లింది. వాన నీరు ఇంకడానికి తవ్వేదీ కందకమే, చిత్తూరు జిల్లాలో ఏనుగులు పంటల మీద పడకుండా అడవి అంచున తవ్వేదీ కందకమే.