కుండీలో పెంచదగిన చిన్న నాగజెముడు

జెముడు అనగానే పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులకు బొంతజెముడు జ్ఞాపకము వచ్చును. దానిని గిల్లిన పాలు కారును. అది కాక్టస్ జాతి కాదు. కాక్టస్ మొక్కలలో మనకు బాగుగా తెలిసినది కంచెల వెంట పెరుగు నాగజెముడు. దాని చిన్న చెల్లెలు వంటిదే నర్సరీలవారు ‘బన్నీ కాక్టస్’ అని అమ్ము ఈ మొక్క. శాస్త్రీయ నామము ఒపన్షియా మైక్రోడేసిస్. పుట్టినిల్లు మెక్సికో దేశము.

ఇది సుమారు రెండడుగులకు మించి పెరుగదు. అట్టలవలె ఒకదానిపై నొకటి మొలచునవి ఆకులు కావు, కాండములే. పొడవైన ముళ్ళుండవు. వాని బదులు అట్ట నిండ చుక్కలు, ప్రతి చుక్కలోను పసుపు లేక తెలుపు రంగు నూగు ఉండును. చూచుటకు పట్టువలె నుండును గాని, మోసమంతయు అందే ఉన్నది. ఆ నూగులో ప్రతి పోగు కొనన ఎదురుముళ్ళు గల సన్నని ముల్లు. తాకినంతనే పదులకొలది ఊడివచ్చి చర్మములో దిగును. కంటిలో పడిన ప్రమాదము, వెంటనే వైద్యుని చూడవలెను. కావున పిల్లలకు, దూడలకు అందనిచోట ఉంచి, మడిచిన కాగితముతోనో, పటకారుతోనో పట్టవలెను. చేతికి గుచ్చుకొన్నచో రుద్దరాదు. జిగురుపట్టీ అంటించి లాగిన చాలవరకు వచ్చును.

మన రేగడి మన్ను ఈ మొక్కకు పనికిరాదు. పత్తికి మేలుచేయు తేమను పట్టియుంచు గుణమే దీని వేళ్ళను కుళ్ళించును. ఒక పాలు ఎర్రమన్ను, రెండు పాళ్ళు వంకలోని ముతక ఇసుక, గుప్పెడు బాగుగా మాగిన ఎరువు కలిపిన చాలును. కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను; దానిపై పెంకు ముక్కలు పరువవలెను.

ఈ మొక్క ఎండకు చచ్చుట అరుదు, నీటికి చచ్చుట తరచు. పగలు రంధ్రములు మూసికొని రాత్రి మాత్రమే గాలి పీల్చుటచే నీటిని పొదుపు చేయగలదు. వేసవిలో మన్ను పూర్తిగా ఆరిన పిమ్మట వారము పది దినముల కొకసారి, చలికాలమున నెలకొకసారి నీరు చాలును. వానలలో కుండీని చూరు క్రిందికి చేర్చవలెను. అడుగు మెత్తబడి నల్లబారినచో ఆ మొక్క మిగలదు. పైనున్న గట్టి అట్టను కోసి మరల నాటుకొనుటయే మార్గము. నీడలోనే ఉంచినచో అట్టలు సన్నగా సాగి అందము చెడును. అట్లని నర్సరీ నీడలో పెరిగినదానిని ఏప్రిల్ ఎండలో ఒక్కసారిగా పెట్టరాదు, మాడిపోవును.

అట్టను కణుపు వద్ద కోసి, వారము దినములు నీడలో గాయము ఆరనిచ్చి, అంగుళము లోతున నాటవలెను. మరి వారము వరకు నీరు పోయరాదు.

ఇంత సులభముగా బ్రతుకుటయే దీనితో వచ్చిన చిక్కు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశములలో ఇది తోటలు దాటి బీళ్ళకెక్కినది. కంచెకు, గట్టుకు దీనిని నాటరాదు. మేకలు, గొర్రెలు మేసిన నోరు పుండగును. కోసి పారవేయు ముక్కలను పెంటలోను, వంకలోను వేయక, ఎండబెట్టి లోతుగా పూడ్చవలెను. నాగజెముడు కథ మనకు పాఠము కావలెను. దక్షిణాదిన బీళ్ళనాక్రమించిన దానిని అణచుటకు 1926లో సింహళము నుండి ఒక పురుగును తేవలసివచ్చెను. అంతకు పూర్వము 1795లో ఎర్రరంగు కొరకని బ్రెజిల్ నుండి తెచ్చినది వేరొక పురుగు. రంగు నాసిగా వచ్చినది గాని, అది ఒక రకపు నాగజెముడును మాత్రము బాగుగా తినివేసినది!

ఈ పురుగుల జాతి కుండీలోని మొక్కకును పట్టవచ్చును. అట్టలపై తెల్లని దూదివలె కనబడి, నలిపిన ఎర్రని రసము వచ్చినచో అదియే. సబ్బునీటిలో ముంచిన కుంచెతో తుడిచి, ఆ కుండీని తక్కినవానికి దూరముగా ఉంచవలెను.