చిన్నపిల్లల ఆరుబయటి యాటలు

ఒకనాటి సాయంకాలము నేనొక ప్రాథమిక పాఠశాల యావరణములో వేపచెట్టు క్రింద నిలిచి ఆటల గంటను జూచుచుంటిని. నలువదిమంది పిల్లలకు ఒక్క బంతి యీయబడెను. బలము గలవారు నలుగురైదుగురు దానిని దన్నుకొనుచు మైదానమంతయు బరుగిడుచుండిరి. తక్కినవారు కొంతదూరము వారి వెంట బరుగెత్తి, అలసటచేత గాక ఆశ యుడుగుటచేత నిలిచిపోవుచుండిరి. అందొక సన్నని బాలుడు నూతిగట్టుపై గూర్చుండి, ఆడువారి చొక్కాలను ఒడిలో బెట్టుకొని కాపాడుచుండెను. "నీవేల యాడవు?" అని యడిగితిని. "నన్నెవరూ పిలవలేదండీ" అని వాడు బదులు చెప్పెను. గంట మ్రోగువరకు ఆ బంతి వాని పాదమును ఒక్కసారియైనను దాకలేదు. అయినను నాటి పట్టికలో తరగతి యంతయు నాడినట్లే లెక్క.

ఈ వ్యాసము వ్రాయుటకు ఆ బాలుడే కారణము. పిల్లల కాటలు గలవా యని యడుగుట చాలదు. ఆటలో నెందరు నిజముగా నాడుచున్నారని యడుగవలెను.

ఆట చదువునకు విఘ్నమని తలంచువారు నేటికిని గలరు. అది పొరపాటు. 5 మొదలు 17 ఏండ్ల వరకు వయస్సు గల పిల్లలు సగటున దినమునకు 60 నిమిషములకు దక్కువ గాకుండ శరీరమునకు చక్కని శ్రమ గలుగునట్లు మెలగవలెననియు, ఎముకలకును కండరములకును బలమిచ్చు పనులు వారమునకు మూడు దినములైనను చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఆడుకొనుట పిల్లల హక్కని 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక 31వ ప్రకరణము చెప్పుచున్నది. మన దేశము 1992లో దానికి సమ్మతించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలమును ఆటవస్తువులును ఉండవలెనని విధించినది. హక్కనగా నందరిది. నూతిగట్టుపై గూర్చున్న బాలునికిని అందు పాలు గలదు.

పిల్లలు ఆటకు దూరమగుటకు మూడు కారణములు గలవు. మొదటిది, గుంపు పెద్దదగుట. రెండవది, ఓడినవానిని ఆటనుండి తొలగించుట. ఇది విచిత్రమైన పద్ధతి: ఎవనికి పరుగెత్తుట రాదో వాడే మొదట తొలగింపబడి కూర్చుండును, పరుగెత్తుట వచ్చినవాడు కడవరకు పరుగెత్తుచుండును. అభ్యాసము కావలసినవానికి విశ్రాంతియు, అక్కరలేనివానికి అభ్యాసమును లభించుచున్నవి. మూడవది, వయస్సునకు దగని యాటను నేర్పుట. ఈ మూడింటిని దిద్దుకొనుటకు ధనము గాని దొరలదేశపు సామాను గాని యక్కరలేదు. మన వీథులలో పూర్వమునుండి యున్న యాటలే చాలును.

మొదటి రెండు తరగతుల పిల్లలకు నియమములు తక్కువగా నుండి, పరుగు లెక్కువగా నుండు నాటలు తగును. నాలుగు స్తంభాలాటను జూడుడు. నలుగురు నాలుగు స్తంభములను బట్టుకొందురు. అయిదవవాడు నడుమ దొంగగా నుండును. స్తంభములవారు ఒకరి చోటికి మరియొకరు మారునపుడు దొంగ యొక స్తంభమును బట్టుకొనును; చోటు దొరకనివాడు దొంగ యగును. ఇందు ఓడినవాడు వెలుపలికి బోడు; నడిమికి వచ్చును. ఆటలో నెక్కువ పని వానిదే. నలువదిమంది పిల్లలున్నచో ఎనిమిది గుంపులు చేయవలెను. స్తంభములు లేకున్న సున్నముతో నేలపై చిన్న వలయములు గీసిన జాలును.

నేల-బండ యాటయు నిట్టిదే. దొంగ నేలను గోరుకొన్నచో తక్కినవారు బండలపైనను అరుగులపైనను నిలువవలెను. వారు దొంగను కవ్వించుటకై నేలకు దిగుచు ఎక్కుచు నుందురు. నేలపై దొరికినవాడు దొంగ యగును. దుముకుట, నిలుకడ, సమయము గనిపెట్టుట ఇందలవడును. అరుగులు మోకాలి యెత్తునకు మించకుండ జూచుకొనవలెను. వలయముగా గూర్చుండి వెనుక రుమాలు వేయు నాటలో మాత్రము ఒకరిద్దరు పరుగెత్తుచుండగా తక్కినవారు కదలక కూర్చుందురు. కావున ఎనమండుగురికి మించకుండ చిన్న వలయములు గట్టవలెను.

మూడవ తరగతి వారికి గురిచూచుట, పట్టుకొనుట, ఒంటికాలిపై గెంతుట నేర్పు నాటలు కావలయును. తొక్కుడుబిళ్లకు ఒక పెంకు ముక్కయు నేలపై గీతలును చాలును. ఇది ఆడపిల్లల యాటయని మగపిల్లలు సిగ్గుపడుదురు. ఒక్కసారి గెంతి చూచినచో నెంత కష్టమో వారికే తెలియును. ఏడు పెంకులాటలో ఏడు చదునైన పెంకులను ఒకదానిపై నొకటి పేర్చి, ఒక పక్షమువారు బంతితో గొట్టి పడగొట్టుదురు. ఎదుటి పక్షమువారు బంతితో గొట్టి యడ్డగించుచుండగా వారే మరల పెంకులను బేర్పవలెను. బంతి తగిలినవానిని కూర్చుండబెట్టుట వాడుక. దానికి బదులు, వాడు దూరముననున్న చెట్టును ముట్టి మరల వచ్చి యాడవలెనని నియమింపుడు. దండన తీరును, పరుగు దక్కును, ఆటయు నిలుచును. బంతిని పాతగుడ్డలను బిగించి చుట్టి పురికొసతో గట్టి చేసికొనవచ్చును. అది తగిలినను నొప్పి తక్కువ. మోకాలికి దిగువనే కొట్టవలెనను కట్టుబాటు తప్పక యుండవలెను.

నాలుగైదు తరగతుల పిల్లలు పక్షముగా నాడగలరు. వారికి చెడుగుడును ఖో-ఖోయును మేలైనవి. చెడుగుడు 1990లో బీజింగు నగరమున జరిగిన ఆసియా క్రీడలలో పతకముల యాటగా జేరినది. దీనికి పక్షమునకు ఏడుగురు. మనవాడు తొలగినను, మనము ఎదుటివానిని దొలగించినపుడు మనవారిలో నొకడు మరల లోనికి వచ్చును. మొదట బోయినవాడే మొదట వచ్చును. ఓడినవానికి తిరిగివచ్చు త్రోవను ఆటలోనే యుంచిన మన పెద్దల బుద్ధి మెచ్చదగినది.

ఖో-ఖోలో వెంటాడు పక్షమున తొమ్మండుగురుందురు. ఎనమండుగురు నడిమి గీత వెంబడి వరుసగా, ఒకడిటు నొకడటు మొగము పెట్టి కూర్చుందురు, తొమ్మిదవవాడు తరుమును. ఎదుటివారు ముగ్గురేసి లోనికి వత్తురు. తరుమువాడు నడిమి గీతను దాటరాదు; స్తంభమును జుట్టియే ఆవలికి బోవలెను. పట్టిన దిక్కును మార్చుకొనరాదు. కావున ఎంత వడిగలవాడైనను ఒక్కడే గెలువలేడు. కూర్చున్నవాని వీపును వెనుకనుండి ముట్టి "ఖో" యని పలికి పని యప్పగింపవలెను. మందగతి గలవాడు గూడ తగిన క్షణమున లేచినచో ప్రక్కనే యున్న ప్రత్యర్థిని బట్టుకొనగలడు. చిన్నవారికి స్థలమును కాలమును తగ్గించి యాడింపవలెను.

బిళ్లంగోడును గూర్చి యొక మాట. దీనిని తెలంగాణమున చిర్రగోనె యందురు. ఎగిరిన బిళ్ల కంటికి దగిలిన ప్రమాదము గొప్పది. కావున చిన్నపిల్లలచే నాడింపరాదు. పెద్దవారును కొట్టువానికి ఎదురుగా దగ్గర నిలువరాదు.

ఆటకు ముందు ఉపాధ్యాయుడు స్థలమంతయు నడచి ముండ్లను, గాజుపెంకులను, గుంటలను జూచుకొనవలెను. ఎండ తీవ్రముగా నుండు నెలలలో ఉదయమునను సాయంకాలమునను మాత్రమే యాడింపవలెను. నడుమ నీరు త్రాగనీయవలెను. భోజనమైన వెంటనే పరుగులు కూడవు. కాలు సరిగా లేని పిల్లవానికి లెక్క వ్రాయు పని యిచ్చి తృప్తిపడుట మనకు వాడుక. అది చొక్కాలు కాపాడుటకంటె నించుక మేలు, అంతే. ఏడు పెంకులాటలో గురిచూచి కొట్టు పని వాని కీయవచ్చును. చేతి నేర్పునకు కాలితో బనిలేదు.

మరునాడు ఆ పాఠశాల ఉపాధ్యాయుని యనుమతితో పిల్లలను చిన్న గుంపులుగా జేసి ఖో-ఖో నేర్పితిని. మన సన్నని బాలుని నడిమి వరుసలో గూర్చుండబెట్టితిని. తరుమువాడు వాని వెనుకకు వచ్చి వీపు ముట్టి "ఖో" యనగానే వాడొక్కక్షణము నమ్మలేనట్లు వెనుదిరిగి చూచెను. ఆ క్షణమున ప్రత్యర్థి తప్పించుకొనెను. తోడివారు కేకలు వేసిరి. రెండవ మారు వాడు వెనుదిరిగి చూడలేదు. పట్టుకొనెనా యని మీరడుగుదురు. లేదు, పట్టుకొనలేదు. కాని వాని చొక్కాయే నాడు నూతిగట్టుపై నుండెను.

ఉన్నత పాఠశాలా విద్యార్థులారా! మీ యిండ్లలోను వీథులలోను మీకంటె చిన్నవారున్నారు. వారమునకొక సాయంకాలము వారిని గూర్చి ఈ యాటలలో నొకటి యాడింపుడు. ఆట ముగిసిన పిదప గెలిచినవా డెవడని యడుగకముందే, పిలువబడనివా డెవడైన గలడా యని యొకసారి కలయజూడుడు.